ముప్ఫై రెండు మందికి ఒకే తెర

నల్లరేగడిదొడ్డి ఆరోగ్య ఉపకేంద్రంలో జనవరి మూడో మంగళవారం నాడు ముప్ఫై రెండు మంది ఆడవాళ్ళు గర్భాశయ ముఖద్వార క్యాన్సర్ పరీక్షకు శాంపిల్ ఇచ్చారు. యాప్ ప్రకారం ఒక్కరే ఇచ్చారు. ఆ ఒక్కరే ముప్ఫై రెండు సార్లు ఇచ్చారు.

ఈ తేడా ఎలా వచ్చిందో తెలియాలంటే ముందు ఆ పరీక్ష ఏమిటో తెలియాలి.

ఇదివరకు ఈ పరీక్షకు బల్ల మీద పడుకోవాలి, డాక్టరు చూడాలి. ఆడవాళ్ళు రాలేదు. ఎందుకు రావడం లేదని పరిశోధకులు చాలా దేశాల్లో అడిగారు. ఒకరు చూస్తారంటే రామని చాలామంది చెప్పారు. అయితే శాంపిల్ మీరే తీసుకోండని పరిశోధకులు వాళ్ళ చేతికే బ్రష్ ఇచ్చి చూశారు. డాక్టరు తీసిన శాంపిల్‌నీ, ఆమె తీసుకున్న శాంపిల్‌నీ ల్యాబులో పక్కపక్కన పెట్టి వేల సంఖ్యలో పోల్చారు. ఈ క్యాన్సర్‌కు కారణమయ్యే హెచ్‌పీవీ అనే వైరస్ రెండింట్లోనూ దాదాపు ఒకేలా దొరికింది. ఆ తర్వాత, రాని వాళ్ళు రావడం మొదలుపెట్టారు. ఇప్పుడు పరీక్ష ఇంతే. ఆమె బ్రష్ తీసుకుని తెర వెనక్కి వెళుతుంది. రెండు నిమిషాల తర్వాత బ్రష్‌ని గొట్టంలో పెట్టి తెచ్చి ఇస్తుంది. లోపల ఎవరూ ఉండరు.

చిక్కు అక్కడే వచ్చింది.

పరీక్షలు నమోదు చేసే యాప్ పశుసంవర్ధక శాఖ వారిది. గేదెలకు గాలికుంటు టీకాలు వేసినప్పుడు చేయించారు. అది బాగా పనిచేసిందని ఆరోగ్య శాఖ వారు తీసుకుని, 'పశువు' అని ఉన్న చోట 'మహిళ' అని మార్చారు. ఒకటి రెండు చోట్ల మార్చడం మరిచిపోయారు. చివర్లో 'చెవి పోగు నంబరు' అని అడుగుతుంది. నల్లరేగడిదొడ్డి ఏఎన్ఎం సువార్త అక్కడ పరీక్షకు వచ్చిన మనిషి ఫోన్ నంబరు కొడుతుంది. యాప్ ఒప్పుకుంటుంది. ఒప్పుకోనిది ఇంకొక గడి: 'పని జరుగుతుండగా తీసిన ఫోటో. తప్పనిసరి.'

పరీక్షలు మొదలు కాకముందే ఈ గడి గురించి వీడియో సమావేశంలో చర్చ జరిగింది. రాజధాని నుంచి జాయింట్ డైరెక్టరు శేషావతారం గారు మాట్లాడారు. ఆయన పక్కన యాప్ కన్సల్టెంటు ప్రణీత్ కూర్చున్నాడు. నల్లరేగడిదొడ్డి ఉన్న మండలం నుంచి ప్రాథమిక ఆరోగ్య కేంద్రం డాక్టరు వకుళ పాల్గొంది.

"సర్, ఈ పరీక్షలో ఫోటో తీయడానికి ఏమీ ఉండదు," అంది వకుళ.

"ఫోటో లేకుండా పని జరిగిందని ఎలా నమ్మాలి డాక్టరు గారూ?"

"శాంపిల్ ల్యాబుకి వస్తుంది కదా సర్. అదే రుజువు."

"శాంపిల్ శాంపిలే అవుతుందమ్మా. రుజువు అంటే ఫోటో."

"పోనీ ఆ గడి తీసేయించండి సర్."

శేషావతారం గారు ప్రణీత్ వైపు చూశారు. "తీసేయొచ్చు సర్," అన్నాడు ప్రణీత్. "ఆరు నెలలు పడుతుంది. దాన్ని ముట్టుకుంటే గేదెల డేటా పోతుంది."

"మరి ఆమె తెర వెనక ఒక్కతే ఉంటుంది సర్," అంది వకుళ. "ఫోటో ఎవరు తీస్తారు? ఏం తీస్తారు?"

శేషావతారం గారు తెర అనే మాటను రెండుసార్లు తనలో తాను అనుకున్నారు. సాయంత్రానికి ఉత్తర్వు వచ్చింది: 'మహిళ తెర వెనుకకు వెళ్ళిన పిదప, తెర సంపూర్ణముగా మూయబడిన స్థితిలో సదరు తెరను ఛాయాచిత్రము తీయవలెను. తెర మూయబడి యున్నచో లోపల కార్యక్రమము జరుగుచున్నట్లు పరిగణించబడును.'

సువార్తకు ఇరవై రెండేళ్ళ సర్వీసు. ఉత్తర్వు చదివి ఇబ్బంది లేదనుకుంది. ఉపకేంద్రంలో తెర లేదు. ఆకుపచ్చ తెర కోసం పెట్టిన అర్జీ రెండేళ్ళుగా పరిశీలనలో ఉంది. గది మూలకి తాడు కట్టి, ఊళ్ళో పొదుపు సంఘం వాళ్ళ చీర ఒకటి అడిగి తెచ్చి వేలాడదీసింది. సంఘానికి పదేళ్ళు నిండినప్పుడు సభ్యులందరూ ఒకే రకం చీర కొనుక్కున్నారు. చిలకపచ్చ రంగు, మెరూన్ అంచు. ముప్ఫై రెండు మంది ఒకరి తర్వాత ఒకరు ఆ చీర వెనక్కి వెళ్ళి వచ్చారు. సువార్త ముప్ఫై రెండు ఫోటోలు తీసింది.

యాప్‌లో దొంగ టీకాలను పట్టుకునే ఏర్పాటు ఒకటి ఉంది. ఒకే గేదెను పదిసార్లు చూపించి పది టీకాలు రాసుకునే వాళ్ళ కోసం పెట్టారు. అది మొదటి ఫోటో తీసుకుని మిగతా ముప్ఫై ఒకటీ తిప్పికొట్టింది. మూడో రోజు సువార్తకు మెమో వచ్చింది. ఒకే మహిళ నుండి ముప్ఫై రెండు పర్యాయములు శాంపిల్ సేకరించుటకు గల కారణములు తెలుపవలెను.

మహిళలు వేరు, తెర ఒకటే అని సువార్త జవాబు రాసింది.

తెర ఒకటే అయినప్పుడు మహిళలు వేరని ఎటుల నిర్ధారించుకొన్నారు అని తిరుగు మెమో వచ్చింది.

ఆ వారం శేషావతారం గారు నియమాన్ని సవరించారు. ఇకపై ప్రతి మహిళకూ ప్రత్యేక తెర ఉండాలి. రెండో శిబిరానికి సువార్త ఇంటింటికీ వెళ్ళి చెప్పింది: "ఎవరి చీర వాళ్ళు తెచ్చుకోండి. ఫోటో తీస్తారు, కాస్త మంచిది తెండి."

ఇరవై నాలుగు మంది వచ్చారు. ఫోటో అన్నారు కాబట్టి పెట్టె అడుగునుంచి మంచి చీర తీసి తెచ్చారు. ఇరవై నాలుగూ చిలకపచ్చ. ఇరవై నాలుగింటికీ మెరూన్ అంచు.

"వేరే వేరే చీరలు తెమ్మన్నాను కదమ్మా!"

"వేరేవే సిస్టరమ్మా," అన్నారు వాళ్ళు. "అది ఆయమ్మది. ఇది నాది."

ఇదంతా ఇలా ఉండగా శాంపిళ్ళు ల్యాబుకు చేరాయి. ల్యాబు వాళ్ళు తెరల సంగతి అడగలేదు. గొట్టాలు తెరిచి పరీక్ష చేశారు. ఫిబ్రవరి మొదటి సోమవారం ఫలితాలు పంపారు. మొదటి శిబిరం ముప్ఫై రెండింటిలో తొమ్మిదో గొట్టంలో వైరస్ ఉంది. తొమ్మిదో గొట్టం ఉసేనమ్మది.

ఉసేనమ్మకు ముప్ఫై ఎనిమిదేళ్ళు. సువార్త వెళ్ళేసరికి బియ్యం మూటకు తాడు కడుతోంది. మిరపకాయలు కోయడానికి ఆ ఊరి నుంచి ఏటా లారీలో గుంటూరు వైపు పోతారు. ఈ ఏడు లారీ శుక్రవారం పొద్దున.

"ఫలితం వచ్చింది ఉసేనమ్మా."

"పాసా, ఫెయిలా?"

సువార్త చెప్పింది. ఉసేనమ్మ తాడు వదిలేసింది.

"మా అక్క మాదిరేనా?"

అక్క మూడేళ్ళ కింద పోయింది. రక్తం పోతున్నా ఏడాదిన్నర ఎవరికీ చెప్పలేదు. చెప్పేనాటికి చేయడానికేమీ మిగల్లేదు. సువార్త వకుళకు ఫోన్ చేసి స్పీకర్ పెట్టింది.

"ఉసేనమ్మా, మీ అక్కకు వచ్చింది క్యాన్సర్," అంది వకుళ. "నీకు ఉన్నది వైరస్. చాలామందికి వస్తుంది, ఎక్కువమందికి దానంతట అదే పోతుంది. పోకుండా ఉండిపోతే కొందరికి పదేళ్ళకో పదిహేనేళ్ళకో క్యాన్సర్ అవుతుంది. ఈ లోపల మనం చూస్తాం. మచ్చ కనిపిస్తే చిన్న మిషన్‌తో నిమిషం సేపు వేడి తగిలిస్తాం. చాలావరకు అక్కడితో ఆగిపోతుంది."

"పదేండ్లు ముందే తెలుస్తాదా?"

"తెలుస్తుంది."

"కరెంటోళ్ళు గూడా అంత ముందు జెప్పరు కదమ్మా." కొంచెం ధైర్యం వచ్చింది ఆమెకు. తాడు మళ్ళీ చేతిలోకి తీసుకుంది. "అంత టయిముంటే ఇప్పుడు యాల తొందర? మిరపకాయలు కోసి వచ్చినాక జేయించుకుంటా."

వకుళ దగ్గర ఒక జాబితా ఉంది. నిరుడు పాత పద్ధతి పరీక్షలో తేడా కనిపించిన పంతొమ్మిది మంది 'వచ్చాక చేయించుకుంటా' అని వెళ్ళారు. తిరిగి దొరికింది ఐదుగురు. మిరప అయ్యాక కొందరు అటునుంచి అటే బెంగళూరు కట్టుబడి పనికి పోయారు. ఫోన్ నంబర్లు మారిపోయాయి.

"వైరస్‌కి తొందర లేదు ఉసేనమ్మా. నువ్వు మళ్ళీ దొరకవు. అదీ నా భయం."

"అది నిజమే," అంది ఉసేనమ్మ. "మేం రేషను డీలరుకే దొరకం." కాసేపు మూట వైపు చూసింది. "శుక్రవారం లోపల జేస్తారా అయితే?"

"చేస్తాం," అంది సువార్త. ఆ మాట అన్నాక యాప్ తెరిచింది.

వైద్యం చేయాలంటే రిఫరల్ చీటీ కావాలి. ఉసేనమ్మ గొట్టం నంబరు కొడితే ఒక వాక్యం వచ్చింది: 'ఈ ఫలితమునకు మహిళ లేదు.' తెర రద్దయింది కాబట్టి మనిషీ రద్దయింది. వేడి తగిలించే మిషన్ జిల్లాకంతా ఒకటే. చేతి లైటు అంత ఉంటుంది, బ్యాటరీతో నడుస్తుంది. అది జిల్లా స్టోరులో స్టోర్‌కీపరు కోదండం చేతి కింద ఉంది. సువార్త ఆయనకు ఫోన్ చేసింది.

"రిఫరల్ నంబరు చెప్పమ్మా."

"అదే రావడం లేదు సార్. మనిషి మాత్రం ఉంది."

"మనిషితో నాకు పని లేదమ్మా. నంబరు లేకుండా మిషన్ కదిలితే రేపు ఆడిట్‌లో నన్ను కదిలిస్తారు."

మంగళవారం వీడియో సమావేశం ఉంది. సువార్త ఉసేనమ్మను ఆరోగ్య కేంద్రానికి తీసుకొచ్చి వకుళ పక్కన, కెమెరా ముందు కూర్చోబెట్టింది.

"వీరెవరు?" అన్నారు శేషావతారం గారు.

"ఉసేనమ్మ సర్," అంది వకుళ. "తొమ్మిదో శాంపిల్. వైరస్ ఉందని తేలింది. యాప్‌లో మహిళ లేదని వస్తోంది. ఈమే ఆ మహిళ."

"యాప్ ప్రకారం వీరు లేరు కదా."

"నమస్తే సార్," అంది ఉసేనమ్మ.

శేషావతారం గారు అలవాటుగా నమస్కారం పెట్టారు. వెంటనే ప్రణీత్ వైపు తిరిగి, "ఇది మినిట్స్‌లో రాయకండి," అన్నారు.

"సర్, ఆమె శుక్రవారం ఊరు విడిచి వెళ్ళిపోతుంది," అంది వకుళ. "వైద్యం ఇరవై నిమిషాల పని. మిషన్ ఇవ్వమని ఒక్క మాట చెప్పండి."

"డాక్టరు గారూ, మీ ఆవేదన అర్థమైంది. ప్రతి మహిళా ముఖ్యమే. కానీ ఒక మహిళ కోసం వ్యవస్థను పక్కన పెడితే రేపు ఇంకో మహిళ వస్తుంది."

"రావాలనే కదా సర్ ఈ కార్యక్రమం?"

"క్రమపద్ధతిలో రావాలి."

ఆ క్రమపద్ధతిని ఆయన అక్కడికక్కడే చెప్పారు. వివాదాస్పద తెరల పునర్ ధ్రువీకరణకు కమిటీ వేస్తారు. సదరు మహిళ భిన్నమైన చీర వెనుక తిరిగి నిలబడాలి. చీర భిన్నమైనదేనని చేనేత జౌళి శాఖ అధికారి ధ్రువీకరించాలి. చీరల విషయంలో వారే నిపుణులు.

బుధవారం ఉదయం జౌళి శాఖ నుంచి వీరభద్రం గారు వచ్చారు. చొక్కా జేబులో పోగులు లెక్కపెట్టే చిన్న భూతద్దం ఉంది. ఉసేనమ్మకు ఉన్న నాలుగు చీరలూ బల్ల మీద పరిచారు. ఒకటి చిలకపచ్చ సంఘం చీర. రెండు చేలోకి కట్టేవి. ఒకటి తమ్ముడి పెళ్ళికి పెట్టింది. వీరభద్రం గారు ఒక్కోదాని మీద భూతద్దం పెట్టి అంగుళానికి పోగులు లెక్కపెట్టారు. ముప్పావు గంట పట్టింది.

"భిన్నమైనవే," అన్నారు చివరికి. "కానీ ఒక్కటీ చేనేత కాదు. అన్నీ మరమగ్గం. ప్రభుత్వ కార్యక్రమంలో వీటిని నేను ఎలా ధ్రువీకరిస్తానమ్మా? మా శాఖే చేనేత శాఖ."

"చేనేత చీర కట్టేదాన్నయితే మిరపకాయలకు యాల పోతా సార్?" అంది ఉసేనమ్మ.

వీరభద్రం గారు మంచివారు. ఆ ప్రశ్నకు కాస్త బాధపడ్డారు. అయినా సంతకం పెట్టలేదు. సువార్త బడి టీచరమ్మ ఇంటికి పరుగెత్తి ఒక నేత చీర అడిగి తెచ్చింది. ఆయన మళ్ళీ పోగులు లెక్కపెట్టి, తృప్తిపడి, సంతకం చేశారు. తాడు మీద చీర వేశారు. ఉసేనమ్మ వెనక్కి వెళ్ళి నిలబడింది.

"ఊరికే నిలబడల్లనా సిస్టరమ్మా?"

"ఊరికేనే."

"పోయినసారి పని ఉంటే నేను లేనన్నారు. ఈసారి పని లేకుంటే ఉండానంటారా?"

"కదలకు," అంది సువార్త. ఫోటో తీసింది.

యాప్ రెండు నిమిషాలు ఆలోచించింది. 'తెరపై ముడతలు గలవు. వెనుక ఒకరి కంటే ఎక్కువ మంది ఉండు అవకాశము.'

చీర మూడు నెలలు మడతలో ఉన్నది. సువార్త వకుళకు చెప్పింది, వకుళ రాజధానికి చెప్పింది. శేషావతారం గారు ఈ పరిణామాన్ని తీవ్రంగా తీసుకున్నారు. రాష్ట్రంలో ఎన్ని ముడతల వెనుక ఎంతమంది ఉన్నారో తెలియని పరిస్థితి ఏర్పడిందని అన్నారు. ప్రతి తెరనూ ఫోటోకు ముందు ఇస్త్రీ చేయవలెనని ఆ మధ్యాహ్నమే ఉత్తర్వు ఇచ్చారు. ఇస్త్రీ జరిగినట్టు యాప్‌లో నమోదు కావాలి. ఇస్త్రీకి కావలసిన పరికరాన్ని జిల్లా స్టోరు నుంచి తెప్పించుకునే వీలు అందులోనే ఉండాలి.

ఫోటో గడి తీయడానికి ఆరు నెలలు అడిగిన ప్రణీత్ ఇస్త్రీ విభాగాన్ని రెండు గంటల్లో తయారుచేశాడు. సాయంత్రం నాలుగింటికి అది అందరి ఫోన్లలోకి వచ్చింది.

గురువారం ఉదయం సువార్త దాన్ని తెరిచి, ఇస్త్రీ పెట్టె కోసం 'వేడి పరికరములు' అన్నచోట నొక్కింది. జిల్లా స్టోరులో ఆ తరగతి కింద ఉన్న వస్తువుల జాబితా వచ్చింది. జాబితాలో ఒకటే ఉంది. సువార్త ఆ వస్తువు పేరు రెండుసార్లు చదివి వకుళకు ఫోన్ చేసింది.

"మేడమ్, ఇస్త్రీ పెట్టె కోసం నొక్కితే మన మిషన్ వస్తోంది."

"ఏ మిషన్?"

"థర్మల్ అబ్లేషన్ పరికరం అని ఉంది మేడమ్. ఒకటి."

"రిఫరల్ నంబరు అడుగుతోందా?"

"లేదు మేడమ్. చీర నంబరు అడుగుతోంది."

"ఉందా?"

"వీరభద్రం గారు ఇచ్చి వెళ్ళారు."

"నొక్కు," అంది వకుళ. "నేను స్టోరుకి బయల్దేరుతున్నా."

వకుళ చేరేసరికి కోదండం మిషన్ పెట్టెను బల్ల మీద పెట్టుకుని, పక్కన ఫోన్ పెట్టుకుని, రెంటినీ మార్చి మార్చి చూస్తున్నాడు.

"మేడమ్, ఇది ఇస్త్రీ పెట్టె కాదు కదా?"

"జాబితాలో వేడి పరికరమేనా?"

"వేడి పరికరమే. మూడేళ్ళ కింద నేనే ఎక్కించా. ఎక్కడ పెట్టాలో తెలియక వేడి పరికరాల్లో పెట్టా."

"ఎంత వేడెక్కుతుందని రాసుంది పెట్టె మీద?"

కోదండం కళ్ళజోడు పైకి జరిపి చదివాడు. "వంద డిగ్రీలు."

"ఆమోదం వచ్చిందా?"

"పచ్చగా వచ్చింది."

"మరి ఆడిట్ వాళ్ళు ఏం అడుగుతారు?"

"పచ్చగా ఉందా అని అడుగుతారు." సంతకం చేయించుకుని పెట్టె ఆమె చేతికిచ్చాడు. ఆమె గుమ్మం దాటుతుంటే, "చీర మీద నీళ్ళు చల్లాలా మేడమ్?" అన్నాడు.

"ఇది పొడిది," అంది వకుళ.

మధ్యాహ్నం రెండింటికి నల్లరేగడిదొడ్డి ఉపకేంద్రంలో, కాన్పుల బల్ల మీద, వకుళ ఉసేనమ్మను పరీక్షించింది. ఏం చేయబోతున్నదీ ముందుగా చెప్పి, పలచటి వెనిగర్ పూసి ఒక నిమిషం ఆగింది. తేడా ఉన్న చోట తెల్లగా తేలుతుంది. తేలింది. చిన్న మచ్చ, మిషన్ మొన కిందికి మొత్తం వస్తుంది. అనుమానించాల్సిన గుర్తులు ఇంకేమీ లేవు. మిషన్ మొన ఆనించి నిమిషం లెక్కపెట్టింది.

"అయిపోయింది."

"అంతేనా?" అంది ఉసేనమ్మ. "మిరపకాయ చెయ్యి కంట్లో పెట్టుకుంటే దీనికన్నా మంట."

"కొన్ని వారాలు నీళ్ళలాగా పోతుంటుంది. భయపడకు. జ్వరం వచ్చినా, రక్తం ఎక్కువ పోయినా వెంటనే ఫోన్ చెయ్యి. ఏడాదికి మళ్ళీ పరీక్ష చేసుకోవాలి, అది మాత్రం మరవద్దు. ఇంకొకటి. నాలుగు వారాలు మీ ఆయన, నువ్వు వేరుగా పడుకోవాలి."

ఉసేనమ్మ నవ్వింది. "మిరప చేన్ల ఒగే గుడారంలో పద్నాలుగు మంది పడుకుంటాం మేడం. నువ్వు జెప్పేదే పన్లే."

వెళ్ళబోతూ ఆగింది. "నాకు పన్నెండేండ్ల పాప ఉండాది. దానికి గూడా ఈ బ్రష్షు పెట్టల్లనా?"

"దానికి ఇప్పుడు బ్రష్ వద్దు. టీకా చాలు. వైరస్ రాకముందే వేస్తే పెద్దయ్యాక ఈ బాధ దాదాపు ఉండదు. రేపు పొద్దున లారీ ఎక్కేముందు తీసుకురా."

"దానికి చీర గావల్లనా?"

"అక్కర్లేదు."

"ఇంగేం," అంది ఉసేనమ్మ.

ఇస్త్రీకి ముందు ఫోటో ఒకటి, తర్వాత ఫోటో ఒకటి యాప్‌కి కావాలి. టీచరమ్మ చీరను ఉసేనమ్మే సరిచేసింది. ఇత్తడి చెంబు నిండా మరిగే నీళ్ళు పోసి, చీర బల్ల మీద పరిచి, చెంబుతో రెండుసార్లు రుద్దింది. మళ్ళీ తాడు మీద వేసి వెనక నిలబడింది. యాప్ ఒప్పుకుంది. 'ఇస్త్రీ విజయవంతము.' శుక్రవారం పొద్దున పాపకు టీకా వేశారు. పావుగంట ఆలస్యంగా లారీ కదిలింది. తొమ్మిదో రోజున ఉసేనమ్మ పేరిట రిఫరల్ చీటీ వచ్చింది. పదిహేను రోజుల తర్వాత ఒక తేదీ ఇచ్చి జిల్లా ఆసుపత్రికి హాజరు కమ్మంది.

నెలాఖరు సమీక్షలో శేషావతారం గారు ప్రసన్నంగా ఉన్నారు. తెరల ఇస్త్రీ మొదలుపెట్టిన మొదటి మండలం వకుళ వాళ్ళదే.

"రాష్ట్రమంతా మీ వైపు చూస్తోంది డాక్టరు గారూ. ఇస్త్రీలో మీకు ఎదురైన సవాళ్ళేమిటి?"

"పరికరం జిల్లాకు ఒక్కటే ఉంది సర్."

"ఎన్ని కావాలి?"

మిషన్లు ఇంకో నాలుగు కావాలని వకుళ మూడేళ్ళలో ఏడు ఉత్తరాలు రాసింది. ఒక్కదానికీ జవాబు రాలేదు. "ఇరవై," అంది.

"నలభై రాయండి," అన్నారు ఆయన ప్రణీత్‌తో. "ప్రతి ఉపకేంద్రానికీ నెలకు ఇరవై ఐదు ఇస్త్రీల లక్ష్యం పెడుతున్నాం. పరికరాల కొరత ఉందని ఎవరూ చెప్పకూడదు. ఇంకొక విషయం. తెరలు పునరావృతం కాకుండా ప్రతి ఉపకేంద్రానికీ నూట ఎనభై భిన్నమైన చేనేత చీరలు సరఫరా చేస్తాం."

మిషన్లు పన్నెండు రోజుల్లో వచ్చాయి. చీరలు ఇంకా ముందే వచ్చాయి. ఆ తర్వాత రెండు నెలల్లో జిల్లాలో డాక్టర్లు చూసి వైద్యం చేసిన ఆడవాళ్ళు అరవై ఒక్క మంది. యాప్‌లో అరవై ఒక్క ఇస్త్రీలు నమోదయ్యాయి. 'వైద్యము' అనే గడిలో సున్నా ఉంది. ఆ గడికి లక్ష్యం లేదు కాబట్టి దాని గురించి ఎవరూ అడగలేదు.

ఆ లెక్క తేలకముందే, మార్చి చివర్లో ఒక మధ్యాహ్నం సువార్తకు గుంటూరు వైపు నుంచి ఫోన్ వచ్చింది. వెనక నుంచి ట్రాక్టరు చప్పుడు, ఆడవాళ్ళ మాటలు వినిపిస్తున్నాయి.

"సిస్టరమ్మా, నేను ఉసేనమ్మను. బాగుండా. ఈడ మా గుడారంలో ఆరుమంది ఉండారు, మన పక్క ఊర్లోళ్ళే. నా సంగతి జెప్పినా. మేం గూడా జేయించుకుంటాం అంటాండారు. వచ్చే నెల దిగుతాం. ఒగటే చిక్కుండాది."

"ఏంటి?"

"చేను ఆసామి ఆరుమందికీ ఒగే రకం చీరలు పెట్టినాడు. ఏం జేయల్ల?"

సువార్త గది మూల వైపు చూసింది. కాన్పుల బల్ల పక్కన కప్పు దాకా పేర్చిన కట్టలున్నాయి.

"మీరు రండి ఉసేనమ్మా," అంది. "చీరలు నా దగ్గర నూట ఎనభై ఉన్నాయి."